మా ఇంటి టేపులో పేరిగాడు



మేముండేది కృష్ణానగర్‌లో. హైదరాబాదులో ఆ పేరు చెబితే చాలు, "ఓహో, సినిమావాళ్ళ పేటా!" అంటారు. నిజమే. తెల్లారి పాలకు వెళ్తే మా వీధి మొగలో టీ కొట్టు దగ్గర, రాత్రి షూటింగు ముగించుకు వచ్చిన మహారాజు కనిపిస్తాడు. మొహాన రంగు సగమే కడుక్కుని ఉంటాడు. అతికించిన మీసం ఒకవైపు ఊడి వేలాడుతూ ఉంటుంది. పక్కన సుల్తాను నిలబడి, ఒకే బిస్కట్టు పొట్లం ఇద్దరూ పంచుకుంటూ ఉంటారు. పెద్ద హీరోలకు బదులు గుర్రం మీంచి దూకే డూపులు కూడా ఈ సందుల్లోనే అద్దెకుంటారు. నడక, భుజాలు, వెనకనుంచి చూస్తే అచ్చం హీరోయే! మొహం తిప్పితే మాత్రం మన పక్కింటి అబ్బాయి.

వాళ్ళను చూసినప్పుడల్లా నాకు చాకలి పేరిగాడు జ్ఞాపకం వస్తాడు. మన తెలుగు నాటకాల్లో రాజుగారికి మొట్టమొదటి డూపు వాడే అంటాను నేను. వేదం వేంకటరాయశాస్త్రిగారి "ప్రతాపరుద్రీయం" నాటకంలో పాత్ర వాడు. మా ఇంట్లో ఆ నాటకం టేపు ఒకటుండేది. ఈవేళ మీకు చెప్పబోయేది ఆ టేపు సంగతీ, దాని వెనక ఉన్న అసలు చరిత్ర సంగతీ.

1983లో మా మేనమామ గల్ఫునుంచి టేప్ రికార్డరు తెచ్చాడు. మా నాయనది నెల్లూరు వైపు ఊరు. బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. ఆయనకు ప్రతాపరుద్రీయం అంటే ప్రాణం. ఒకరోజు రేడియోలో ఆ నాటకం వస్తోందని తెలిసి, రేడియోకెదురుగా టేప్ రికార్డరు పెట్టి, "ఎవరూ నోరు మెదపకండి" అని మమ్మల్నందర్నీ వరసగా కూర్చోబెట్టారు. నోరు మెదపలేదు గాని, వంటింట్లో కుక్కరుకి ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. సరిగ్గా సుల్తాను దర్బారు ఘట్టంలో మూడు కూతలు కూసింది. పేరిగాడు మాట్లాడటం మొదలుపెట్టేసరికి మా అవ్వ ఆపుకోలేక ఫక్కున నవ్వింది. అదీ టేపులో పడింది. మా పిల్లలు చాలాకాలం ఢిల్లీ దర్బారులో కుక్కరు ఉండేదనే అనుకున్నారు!

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ టేపు పెట్టడం మాకు అలవాటైపోయింది. కథ తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. ఢిల్లీ సుల్తాను తరఫున వలీఖాను వచ్చి, కపటంతో ఓరుగల్లు ప్రభువు ప్రతాపరుద్రుణ్ణి పట్టుకుపోతాడు. మంత్రి యుగంధరుడు పిచ్చివాడిలా వేషం వేసుకుని ఢిల్లీ చేరతాడు. సుల్తానునే ఎత్తుకుపోతానని నడివీధిలో బాహాటంగా చెప్పుకు తిరుగుతాడు. పిచ్చివాడి మాట ఎవరు పట్టించుకుంటారు? చివరకు అన్నంత పనీ చేస్తాడు. మధ్యలో చెకుముకి శాస్త్రి చమత్కారాలూ, పేరిగాడి రాజవేషమూ. శాస్త్రిగారు ఈ నాటకం రాసింది 1897లో. ఎవరి స్థాయికి తగిన మాట వారిచేత పలికించారు. రాజు గ్రాంథికం మాట్లాడతాడు, చాకలి చాకలి మాటే మాట్లాడతాడు, తురకలు తురక తెలుగు మాట్లాడతారు. దీన్నే పాత్రోచిత భాష అంటారు. నాటకంలో నీచభాష ఏమిటని ఆనాటి పండితులు కొందరు మండిపడ్డారు. కాని జనం నవ్వారు. నెల్లూరులో శాస్త్రిగారు పెట్టిన ఆంధ్రభాషాభిమాని సమాజంవారు దాన్ని ఆడి పేరు తెచ్చారు.

ఇక అసలు గొడవకు వస్తాను. 1986లో మా పెద్దవాడు ఏడో తరగతి. సోషలు పరీక్షలో కాకతీయుల పతనం మీద ప్రశ్న వచ్చింది. మావాడు తడుముకోకుండా, యుగంధరుడు ఢిల్లీ వెళ్ళి రాజును విడిపించి, సుల్తానును ఓరుగల్లుకు పట్టుకొచ్చాడని రాసేశాడు. మేష్టరుగారు దానికి పెద్ద గుండుసున్నా పెట్టారు. పిల్లవాడు ఏడుస్తూ వచ్చి, ఆ పేపరు తాతయ్య ఒళ్ళో పడేశాడు. "నువ్వు పెట్టిన టేపే గదా తాతయ్యా, నువ్వు అబద్ధం ఎందుకు వినిపించావు?" అన్నాడు. మా నాయన మాట్లాడలేదు. ఆ ఆదివారం టేపు పెట్టలేదు. తరవాతి ఆదివారమూ పెట్టలేదు. మా ఇంట్లో అంత నిశ్శబ్దంగా భోజనాలయిన రోజులు నాకు గుర్తులేవు.

అప్పుడు నేను చరిత్ర పుస్తకాలు తీశాను. డిగ్రీలో చదివి మరిచిపోయినవే.

ప్రతాపరుద్రుడు మన రుద్రమదేవికి మనవడు, ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు. 1289లో రుద్రమ పోయాక అమ్మమ్మ సింహాసనం మనవడికి వచ్చింది. 1303లో అల్లాఉద్దీన్ ఖిల్జీ పంపిన సైన్యాన్ని కాకతీయులు తిప్పికొట్టారు. 1310లో మాలిక్ కాఫూరు వచ్చి ఓరుగల్లు కోటను ముట్టడించాడు. ఆసారి ఏనుగులూ, గుర్రాలూ, ధనమూ ఇచ్చి సంధి చేసుకోవలసి వచ్చింది. 1318లో ఇంకోసారి కప్పం కోసం సైన్యం వచ్చింది. 1321 ప్రాంతంలో ఉలుగ్‌ఖాను వచ్చాడు. ఇతడే తరవాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు. ఢిల్లీలో సుల్తాను చనిపోయాడన్న పుకారు పుట్టి, ఉలుగ్‌ఖాను సైన్యం చెదిరి వెనక్కు పోయింది. పీడ విరగడైందనుకుని ఓరుగల్లువాళ్ళు కోటలోని ధాన్యపుకొట్లు తెరిచి పండగ చేసుకున్నారని చెబుతారు. ఇల్లు గడిపే ఆడవాళ్ళకు ఈ మాటలోని ప్రమాదం వెంటనే తెలుస్తుంది. కరువు పోయిందనుకుని గాదె ఖాళీ చేసుకున్న ఇల్లు ఏమవుతుంది? 1323లో ఉలుగ్‌ఖాను మళ్ళీ వచ్చాడు. నెలల తరబడి ముట్టడి సాగింది. కోట పడిపోయింది. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు మార్చారు.

ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపారు. ఆయన ఢిల్లీ చేరనేలేదు. దారిలో నర్మదానది ఒడ్డున ప్రాణాలు పోయాయని ముసునూరి ప్రోలయనాయకుడి విలస శాసనం చెబుతోంది. ఆయన తన ఇష్టంతోనే లోకం విడిచాడని 1423 నాటి కలువచేరు శాసనం చెబుతోంది. ఆ శాసనం ఇచ్చింది ఒక స్త్రీ. రాజమహేంద్రవరం రెడ్డిరాణి అనితల్లి. వందేళ్ళ తరవాత ఆ ఓటమి తలుచుకుని, మా రాజు పరాయివాళ్ళ చెరలో చావలేదు, తన చావు తనే ఎంచుకున్నాడు అని ఆమె చెప్పుకుంది. ఆ వాక్యం చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

మరి యుగంధరుడి సంగతి? ఇక్కడే చరిత్ర నాటకాన్ని మించిన చమత్కారం చేసింది. ప్రతాపరుద్రుడి దగ్గర గన్నసేనాని అని ఒక పెద్ద ఉద్యోగి ఉండేవాడు. తిక్కనగారి శిష్యుడు మారన తన మార్కండేయ పురాణాన్ని ఈయనకే అంకితమిచ్చాడు. కోట పడ్డాక ఢిల్లీకి తీసుకుపోయిన వాళ్ళలో ఈయనా ఉన్నాడు. అక్కడ మతం మారి మాలిక్ మక్బూల్ అయ్యాడనీ, ఇద్దరూ ఒకరేననీ చరిత్రకారుల్లో చాలామంది అభిప్రాయం. ఈ మక్బూల్ ఫిరోజ్‌షా తుగ్లక్ కాలానికి ఢిల్లీ ప్రధానమంత్రి. ఖాన్-ఎ-జహాన్ అని బిరుదు. ఫిరోజ్‌షా సింధు దండయాత్రకు పోయి, దారి తప్పి, నెలల తరబడి కబురు లేకుండా పోతే, ఢిల్లీని అల్లరి కాకుండా కాపాడింది ఈ తెలుగువాడే. అసలు సుల్తాను ఖాన్-ఎ-జహానే అని ఫిరోజ్‌షా అనేవాడట. ఆయనకు చదవడం రాయడం రాదని ఆనాటి చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు. తెలుగు కావ్యం అంకితం పుచ్చుకున్నవాడికి చదువు రాదా! పారసీ రాదని కాబోలు. మన అక్షరాలు అవతలివాళ్ళకు అక్షరాల్లాగా కనబడకపోవడం అప్పటినుంచీ ఉన్నట్టుంది.

చూశారా? నాటకంలో ఓరుగల్లు మంత్రి ఢిల్లీ వెళ్ళి సుల్తానును పట్టుకొచ్చాడు. చరిత్రలో ఓరుగల్లు దొర ఢిల్లీ వెళ్ళి సుల్తానుకి మంత్రి అయ్యాడు.

ఇదంతా పట్టుకుని మా నాయన దగ్గర కూర్చున్నాను. "ఇవన్నీ మీకు తెలీవా నాయనా?" అన్నాను. ఆయన నావైపు చూసి నవ్వారు. "ముప్పయ్యేళ్ళు బళ్ళో ఇదే పాఠం చెప్పానమ్మాయ్. నర్మద ఒడ్డు దాకా రాజును తీసుకుపోయి, అక్కడ పాఠం ఆపాలంటే ప్రతి ఏడూ గొంతు పట్టుకునేది. సాయంత్రం ఇంటికొచ్చి ఈ నాటకం చదువుకుంటే తేరుకునేవాణ్ణి" అన్నారు. కాసేపాగి, "ఇది రాసిన 1897 ఏమిటనుకున్నావు? విక్టోరియా రాణి వజ్రోత్సవం చేసిన ఏడు. దొరల్ని ఎగతాళి చేస్తే ఊరుకుంటారా? ఎప్పటిదో సుల్తానును ఎత్తుకుపోతానంటే ఎవరేమంటారు? చూసేవాళ్ళకు ఏ సింహాసనం తోచాలో ఆ సింహాసనం తోచేది. ఓడిపోయినవాడికి చరిత్రలో చోటు లేకపోతే, నాటకంలోనన్నా ఒక పీట వెయ్యాలి గదా" అన్నారు. శాస్త్రిగారి మనసులో ఏముందో మనకు తెలియదు గాని, మా నాయన మనసులో ఉన్నది మాత్రం నాకు ఆరోజు తెలిసింది.

"అయితే వాడికి ముందే చెప్పి ఉండాల్సింది" అన్నాను. "అవును, అది నా తప్పే" అన్నారాయన. మనవణ్ణి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, ముందు నర్మద ఒడ్డు కథ చెప్పారు. తరవాత టేపు పెట్టారు. అప్పటికి మా అవ్వ పోయి ఏడాది. పేరిగాడి దగ్గర ఆమె నవ్వు వినబడగానే, మావాడు ఏడుపు మరిచి తనూ నవ్వాడు.

నవ్వు గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. ఒకరోజు టేపు వింటుంటే పక్కింటి ఖాలా కరివేపాకు కోసం వచ్చింది. అప్పుడే తురక తెలుగు మాటలు వస్తున్నాయి. మా అమ్మ గబుక్కున టేపు ఆపేసింది. "ఎందుకాపినావమ్మా? మా తెలుగు గట్లనే ఉంటది. మరి మీ సారు రేషన్ షాపుల ఉర్దూ మాట్లాడితే ఎట్లుంటదో నేను చెప్పాల్నా?" అని, మా నాయన ఉర్దూని అచ్చంగా అనుకరించి చూపించింది. మా నాయనే అందరికంటే ఎక్కువ నవ్వారు. కాని బట్టలుతికే ఆవిడ మాత్రం ఒకసారి మూట సర్దుకుంటూ విని, నవ్వలేదు. "వాడు రాజు బట్టలు కట్టుకుంటే మీకు నవ్వొస్తోంది. నాకేమో, వాణ్ణి మళ్ళీ రేవుకి ఎప్పుడు పంపిస్తారోనని బెంగగా ఉందమ్మా" అంది. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. పేరిగాడి మాటలకు నవ్వినప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది. గుర్తుండటమే మంచిదనుకుంటాను.

కొన్నేళ్ళ తరవాత ఢిల్లీలో మా తమ్ముడింటికి వెళ్ళినప్పుడు, నిజాముద్దీన్ బస్తీలో మక్బూల్ గోరీ చూశాను. ఎనిమిది పలకల కట్టడం. ఆ ఊళ్ళో అలాంటి వాటిలో మొదటివాటిలో ఒకటిగా లెక్కిస్తారు. తిలంగాణీ గోరీ అంటారు. చుట్టూ ఇళ్ళు కమ్ముకుని ఉన్నాయి. ఓరుగల్లునుంచి వచ్చినవాడు ఆరువందల ఏళ్ళకు పైగా అక్కడ పడుకుని ఉన్నాడు. ఎత్తుకొచ్చేందుకు యుగంధరుడు లేడు. ఆయన రావాలనుకున్నాడో లేదో కూడా మనకు తెలియదు.

మా నాయన ఇప్పుడు లేరు. టేపు సాగిపోయి మాటలు ఈడ్చినట్టు వస్తున్నాయని, మావాడు దాన్ని కంప్యూటరులోకి ఎక్కించాడు. కుక్కరు కూత, అవ్వ నవ్వు తీసెయ్యమంటావా అని అడిగాడు. వద్దన్నాను. ఇప్పుడు వాడి పిల్లలు వింటున్నారు. ముందు నర్మద ఒడ్డు కథ, తరవాతే నాటకం. మా ఇంట్లో అదే వరస.

మీ ఇళ్ళల్లోనూ ఏదో ఒక పాత టేపు, పాత నవ్వు ఉండే ఉంటుంది. పిల్లలకు వినిపించండి. దాని పక్కనే నిజం కూడా చెప్పండి. నవ్వు ఏమీ తగ్గదు.