రాత్రంతా కరెంటు తాగే ట్రాన్స్‌ఫార్మర్: దీనికి మందు లోహపు గాజు

ఆత్మకూరు పక్క పల్లెల్లో గానీ, ఉదయగిరి మెట్టలో గానీ ఊరు నిద్రపోయినాక ట్రాన్స్‌ఫార్మర్ దిక్కు చెవి పెట్టండి. గుయ్యిమంటా ఉంటది. మనం వాడినా వాడకున్నా, లోపలుండే ఇనప కోర్ సెకనుకి 50 తూర్లు అటూ ఇటూ అయస్కాంతమై వేడెక్కతానే ఉంటది. ఆ వేడి మన కరెంటే. దీన్ని నో-లోడ్ లాస్ అంటారు.

ఈ నష్టం 100 వాట్లనుకోండి. రోజుకి 24 గంటల లెక్కన ఏడాదికి 876 యూనిట్లు. అదీ ఒక్క ట్రాన్స్‌ఫార్మర్‌కి. ఈ భారం చివరికి జనం బిల్లు మీదనో, సర్కారు సబ్సిడీ మీదనో పడాల్సిందే.

దీనికి మందు లోహపు గాజు, అంటే మెటాలిక్ గ్లాస్. పేరు చూసి అద్దం అనుకోబాకండి. ఇది లోహమే. మామూలు లోహం చల్లారేటప్పుడు పరమాణువులు బడిలో ప్రేయర్‌కి పిల్లోళ్ల మాదిరి లైను కడతాయి. లైను కట్టేలోపే 'స్టాచ్యూ' అంటే? ఎక్కడోళ్లు అక్కడే నిలబడిపోతారు. కరిగిన లోహాన్ని సెకనుకి సుమారు 10 లక్షల డిగ్రీల వేగంతో చల్లారిస్తే జరిగేది అదే. వరస లేదు కాబట్టి అయస్కాంతం దిక్కు మార్చుకునేదానికి అడ్డం తక్కువ.

1960లో అమెరికాలోని కాల్‌టెక్‌లో పోల్ డ్యూవెజ్ బృందం బంగారం, సిలికాన్ కలిపి దీన్ని మొదట చేసింది. వచ్చింది చిన్న పెచ్చులే. 1970లలో అలైడ్ కెమికల్ కంపెనీ 'మెట్‌గ్లాస్' పేరుతో పొడుగు రిబ్బన్ తీసింది. ఇనుము, బోరాన్, సిలికాన్ కరిగించి, జోరుగా తిరిగే చక్రం మీద పోస్తే 0.025 మిల్లీమీటర్ల మందం రిబ్బన్ వస్తది. మామూలు కోర్ రేకులో ఇది పదో వంతు. 1980లలో ట్రాన్స్‌ఫార్మర్లలోకి ఎక్కింది. నో-లోడ్ లాస్ 60 నుంచి 70 శాతం దాకా తగ్గింది. 70 శాతమైతే, మన 876 యూనిట్లలో 613 మిగిలినట్టే.

మరి అన్ని చోట్లా ఎందుకు లేదు? కోర్ పెద్దదవుతది, ధర ఎక్కువ, కొలిమిలో పెట్టి తీసినాక రిబ్బన్ పెళుసు. టెండర్‌లో కొనే ధర ఒక్కటే చూస్తే ఇది ఓడిపోతది. ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసినన్నాళ్లూ తాగే కరెంటు ఖరీదు కూడా కలిపి చూస్తే లెక్క తిరగబడతది. డిస్కంలు చూడాల్సింది ఆ లెక్క.

మనోళ్లకి చదువు తక్కువేం లేదు. చల్లపల్లి సూర్యనారాయణ జపాన్ శాస్త్రవేత్త అకిహిసా ఇనోవేతో కలిసి 2011లో 'బల్క్ మెటాలిక్ గ్లాసెస్' అనే పుస్తకమే రాశారు. హైదరాబాద్‌లో డీఎంఆర్‌ఎల్ 1963 నుంచీ లోహాల మీద పరిశోధన చేస్తా ఉండాది. కానీ రిబ్బన్ తయారీలో ముందుండేది జపాన్, చైనా, అమెరికా కంపెనీలే.

ఉదయగిరి కొయ్య చెంచాలు చూసినోళ్లకి ఈ సంగతి వేరే చెప్పాల్సిన పనిలేదు. కొండ మీద కట్టె ఉంటే చాలదు, చెక్కే చెయ్యి ఉండాల. ల్యాబ్ నుంచి ఫ్యాక్టరీకి వచ్చేదానికి కూడా రిబ్బన్ కోసే, కోర్ చుట్టే, కొలిమి చూసే, టెస్టింగ్ చేసే చేతులు కావాల. అది ఐటీఐ, డిప్లొమా చదివిన మన పిల్లోళ్ల పని. ఆ పని నేర్పించమని అడగాల్సింది కూడా మనమే.