సామాజిక మానసిక ఆరోగ్య నర్సు

సామాజిక మానసిక ఆరోగ్య నర్సు అనగా మానసిక వ్యాధిగ్రస్తులకు ఆసుపత్రి వెలుపల, వారి ఇంటివద్ద గాని ఊరిలోని ఆరోగ్య కేంద్రంలో గాని సేవలందించే శిక్షణ పొందిన నర్సు. వీరిని కమ్యూనిటీ సైకియాట్రిక్ నర్సు అని కూడా అంటారు. చికిత్స మధ్యలో ఆగిపోకుండా చూడడం, వ్యాధి తిరగబెట్టే సూచనలను ముందుగా గుర్తించడం, కుటుంబానికి అవగాహన కల్పించడం వీరి ప్రధాన విధులు. సిద్దిపేట జిల్లాలోని హుస్నాబాద్ వంటి, జిల్లా కేంద్రానికి దూరంగా ఉన్న పట్టణాలకూ వాటి చుట్టుపక్కల గ్రామాలకూ ఈ సేవ ఎంతో అవసరం.

నేపథ్యం

ఇంగ్లండులో 1954లో వార్లింగ్‌హామ్ పార్క్ ఆసుపత్రి తన నర్సులను రోగుల వద్దకు పంపడంతో ఈ వృత్తి రూపుదిద్దుకొన్నది. భారతదేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. కర్ణాటకలోని బళ్ళారి జిల్లాలో బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ జరిపిన ప్రయోగం ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని చేపట్టారు. తొలుత ఎంపికైన నాలుగు జిల్లాలలో అప్పటి ఆంధ్ర ప్రదేశ్‌కు చెందిన మెదక్ ఒకటి. ఆనాడు సిద్దిపేట మెదక్ జిల్లాలోను, హుస్నాబాద్ కరీంనగర్ జిల్లాలోను ఉండేవి. 2016 అక్టోబరు 11న ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో రెండూ చేరాయి.

నిబంధనల ప్రకారం జిల్లా బృందంలో మానసిక వైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌తో పాటు నర్సు కూడా ఉండాలి. నిమ్హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వే ప్రకారం వయోజనులలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నది. రుగ్మతను బట్టి 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు.

అందించే సేవలు

తొలి కలయికలో నర్సు రోగి నిద్ర, ఆకలి, మాటతీరు, భయాలు, మద్యం అలవాటు, వాడిన మందుల గురించి అడుగుతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నదా అని సూటిగానే అడుగుతారు. అలా అడగడం వలన ఆ ఆలోచన పుట్టదు. దాచుకొన్న బాధ బయటపడుతుంది. తరువాతి కలయికలలో ఈ క్రింది సేవలు లభిస్తాయి.

* మందులు: కుంగుబాటు మందులు పనిచేయడానికి సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలు పడుతుందని, నెమ్మదించగానే ఆపివేయరాదని వివరిస్తారు. రోజూ మాత్రలు మింగలేని కొందరికి వైద్యుని ఆదేశంపై రెండు నుండి నాలుగు వారాలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్ వేస్తారు.
* దుష్ఫలితాలు: చేతుల వణుకు, కండరాల బిగుతు, మత్తు, బరువు పెరగడం వంటివి గమనించి వైద్యునికి తెలియజేస్తారు. లిథియం వాడేవారికి రక్తపరీక్షలు గుర్తుచేస్తారు. ఎండలో పనిచేసే అటువంటివారు నీరు తగినంత త్రాగకపోతే మందు విషతుల్యం కాగలదు.
* ముందస్తు సూచనలు: నిద్ర తగ్గడం, తనలో తాను మాట్లాడుకోవడం, అకారణ అనుమానం వంటివాటిని గుర్తించడం ఇంటివారికి నేర్పుతారు.
* ధ్రువపత్రాలు: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధినీ వైకల్యంగా గుర్తించింది. అర్హులైనవారు ధ్రువపత్రం పొందే మార్గం తెలుపుతారు.

బాణామతి, చేతబడి, గాలి సోకడం వంటి నమ్మకాలను అనుభవమున్న నర్సు ఎగతాళి చేయరు. మొక్కులు తీర్చుకొంటూనే మందులు వాడవచ్చునని నచ్చజెబుతారు.

మత్తు పదార్థాల సమస్య

తెలంగాణలో కల్తీ కల్లు వేరొక చిక్కు. కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలపడం వలన వాటికి అలవాటుపడినవారు ఒక్కసారిగా మానివేస్తే వణుకు, మూర్ఛ, మతిభ్రమణం కలుగుతాయి. 2015లో కల్తీపై దాడుల అనంతరం నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాలలో పలువురు ఇటువంటి లక్షణాలతో ఆసుపత్రులలో చేరారు. కనుక మానివేయడం వైద్యుల పర్యవేక్షణలో జరగాలి.

రోగి హక్కులు

2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణహాని నివారణ వంటి కొన్ని సందర్భాలలో మాత్రమే మినహాయింపు ఉన్నది. రోగి తన తరఫున వ్యవహరించే ప్రతినిధిని ఎన్నుకోవచ్చు. రోగిని గొలుసులతో కట్టివేయడం నిషిద్ధం. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించి, వేరుగా రుజువైతే తప్ప శిక్షించరాదని కూడా చట్టం చెబుతున్నది. కేసు అవుతుందన్న భయంతో పురుగుమందు త్రాగిన విషయాన్ని దాచితే చికిత్స ఆలస్యమై ప్రాణం పోవచ్చు.

పరిమితులు

నర్సు వైద్యునికి ప్రత్యామ్నాయం కాదు. వ్యాధి నిర్ధారణ, మందుల మార్పు వైద్యుని బాధ్యతలు. జిల్లా బృందం చిన్నది గనుక నర్సు ప్రతి ఇంటికీ తరచు వస్తారని ఆశించలేము. రెండు కలయికల మధ్య ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడు ఆధారం. మందులు ఇప్పించడం, పురుగుమందుల డబ్బాలను తాళంలో ఉంచడం, ఒంటరిగా వదలకపోవడం కుటుంబం చేయగలిగిన పనులు.

అత్యవసర సమయంలో

ప్రాణాపాయం ఉన్నప్పుడు నర్సు కోసం వేచి ఉండక 108కు ఫోన్ చేయాలి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఇరవైనాలుగు గంటలూ ఉచితంగా లభిస్తుంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు.