తాటిచెట్టు తలలోని తెగులు

పి. గన్నవరం పేరు వినగానే చరిత్ర తెలిసినవారికి వైనతేయ పాయపై 1850 దశకమున హేగ్ దొర కట్టించిన అక్విడక్టు స్ఫురించును. మేము నేడు చెప్పదలచినది ఆ ఇంజనీర్ల కథ కాదు. ఈ డెల్టా గట్లపైని తాటిచెట్ల కథ. దానికి అంత ప్రసిద్ధి లేదు.

ఇరువదవ శతాబ్దారంభమున గోదావరి డెల్టాలో తాటిచెట్లు మొవ్వు కుళ్లి చచ్చుచుండెను. మామిడికి ఒక కొమ్మ పోయినచో వేరొక కొమ్మ చిగిర్చును. తాటికి, కొబ్బరికి తలలోనున్నది ఒక్కటే మొవ్వు. అది పోయినచో చెట్టే పోవును. కల్లు, ముంజలు, ఇంటిమీది కమ్మ, దూలము అన్నియు దానితోనే పోవును.

పూసా పరిశోధనాలయమునందలి శిలీంధ్రశాస్త్రజ్ఞుడు ఇ. జె. బట్లరు ఈ తెగులును పరిశీలించి, దానికి కారణమైన సూక్ష్మజీవికి 1907లో పిథియం పాల్మివోరం అని పేరు పెట్టెను. 1919లో ఆయనయే దానిని ఫైటాఫ్తొరా ప్రజాతికి మార్చెను.

పేరు పెట్టుటకన్న చెట్టును పరీక్షించుట కష్టమైన పని. కొబ్బరిలో గానోడెర్మా తెగులు సోకినచో కాండపు మొదట ఎర్రని బంక కారును, నిలుచున్నచోటనే చూడవచ్చును. మొవ్వుకుళ్లు అట్టిది కాదు. చుట్టునున్న ముదురాకులు చాలకాలము పచ్చగానే యుండును. నడిమి లేత ఆకు పాలిపోయి వాడును. పట్టి లాగినచో ఊడివచ్చును. మట్టలు విప్పినచో లోపల గోధుమరంగు మచ్చలు, దుర్గంధము. ఇదంతయు చెట్టెక్కినవానికే తెలియును. బట్లరు సూక్ష్మదర్శిని క్రిందికి ఆ కుళ్లు చేరవలెనన్నను, ముందు మోకు కట్టి ఎక్కిన మనిషి కావలసినదే గదా!

మద్రాసు వ్యవసాయశాఖవారు అవలంబించిన చికిత్స కఠినమైనది: రోగమున్న తలను నరికి కాల్చివేయుట. కుళ్లిన మొవ్వునుండి వానకు, గాలికి రోగబీజములు పొరుగుచెట్లకు పోవును గనుక వేరు మార్గము తోచలేదు. క్రిందనుండి చూచిన యజమానికి మాత్రము అది పచ్చని చెట్టే. దాని తల నరుకుమన్నచో ఎవరికి మనసొప్పును? కాని ఆలస్యమైన కొలది పొరుగువాని చెట్టుకే ముప్పు. ఈ చర్యల వృత్తాంతమును డబ్ల్యు. మెక్రే 1923లో ప్రకటించెను.

నేడు కోనసీమ కొబ్బరితోటల నీడలో కోకో పెంచుచున్నారు. బట్లరు పేరు పెట్టిన ఆ జీవియే కోకోకాయలను నల్లగా కుళ్లించును. ఆ కాయ చేతికందు ఎత్తుననే యుండును. పైనున్న కొబ్బరి మొవ్వును విప్పి చూడవలెనన్న మాత్రము నేటికిని చెట్టెక్కవలసినదే.