ఒక్క వాక్యానికి వ్యాఖ్యానం: వాల్వు సెట్టు వోల్టేజి

మూలం: మెయిన్సు కనిపెట్టి, ఫిలమెంటు కొలిచి, లోడు మీద హెచ్‌టి దించి, బయాసు సరిచూడు.

ఇంట్లో వాల్వు యాంప్లిఫయర్ కట్టుకునేవాళ్లకు పవర్ సప్లై గురించి చెప్పవలసినదంతా ఈ ఒక్క వాక్యంలోకి కుదించి పెట్టాను. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి వైపు కరెంటును దృష్టిలో పెట్టుకుని ఒక్కో మాటా విప్పుతాను. ఉదాహరణకు తీసుకున్నది చిన్న స్టీరియో సెట్టు: చానెల్‌కు ఒక ఈఎల్84, ముందు ఈసీసీ83, 250-0-250 ట్రాన్స్‌ఫార్మరు. ఈ వాల్వులు మన పక్కనే తయారైనవి. బెంగళూరు జాలహళ్లిలోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1960లలో వీటిని చేసింది. పాత రేడియోల్లో, మైకుసెట్లలో ఆ ముద్రతో ఇప్పటికీ కనిపిస్తాయి.

మెయిన్సు

పుస్తకంలో గీసిన సర్క్యూటు 230 వోల్టులను నమ్ముకుని ఉంటుంది. పాత విద్యుత్ నిబంధనల ప్రకారం అటూ ఇటూ 6 శాతం, అంటే 216 నుంచి 244 దాకా తేడాకు అనుమతి ఉండేది. మన ఊళ్లలో లైను చివర ఉన్న ఇళ్లకు ఈ లెక్క చాలదు. మన చిక్కబళ్లాపురం జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. ద్రాక్ష, పూలు, టమోటా, మల్బరీ అన్నీ బోరునీళ్ల మీదే బతుకుతున్నాయి. వెయ్యి అడుగులు దాటిన బోర్లు మామూలైపోయాయి. త్రీఫేజు వచ్చిన గంటల్లో మోటార్లన్నీ ఒక్కసారిగా లాగుతాయి, వోల్టేజి 190కి జారుతుంది. రాత్రి మోటార్లు ఆగాక అదే ప్లగ్గులో 250 కనిపించవచ్చు. మనం పాటలు వినేది ఆ రాత్రిపూటే.

కాబట్టి సోల్డరింగు ఐరన్ పట్టుకునే ముందు కొన్ని రోజులు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి భోజనాలయ్యాక ప్లగ్గు దగ్గర వోల్టేజి రాసి పెట్టుకోండి. అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకె ఏదో, సెట్టును దానికి కట్టాలి. సగటుకు కడితే రాత్రి దెబ్బ తింటుంది. నా ఖచ్చితమైన అభిప్రాయం ఇదే: వోల్టేజి తగ్గితే పాట తగ్గుతుంది, పెరిగితే వాల్వు పోతుంది.

పెరిగినదాన్ని ట్రాన్స్‌ఫార్మరుకు ముందే దించడం అన్నిటికంటే మేలు. అక్కడ దించితే ఫిలమెంటు, హెచ్‌టి (ప్లేటుకు వెళ్లే హై టెన్షన్ డీసీ) రెండూ కలిసి దిగుతాయి. వైండింగు షాపులో ట్రాన్స్‌ఫార్మరు కొత్తగా చుట్టిస్తుంటే ప్రైమరీకి 210, 230, 250 ట్యాపింగులు అడగండి. పాత వాల్వు రేడియోల వెనక వోల్టేజి మార్చే చిన్న బిళ్ల ఉండేది ఇందుకే. చుట్టించేసిన ట్రాన్స్‌ఫార్మరే ఉంటే, 12-0-12, 1 ఆంపియరు ట్రాన్స్‌ఫార్మరు ఒకటి కొనండి. దాని ప్రైమరీని మెయిన్సుకు కలిపి, 24 వోల్టుల సెకండరీని సెట్టుకు వెళ్లే ఫేజు తీగలో సిరీస్‌గా ఎదురు దిశలో పెడితే 250 కాస్తా సుమారు 224 అవుతుంది. సెట్టు తగిలించకముందే మీటరు పెట్టి చూడండి. సుమారు 276 వస్తే దిశ తప్పినట్టు. కరెంటు తీసేసి సెకండరీ తీగలు రెండూ తారుమారు చేయండి. పగలు లో-వోల్టేజి వేళ దీన్ని తప్పించే స్విచ్చు తప్పనిసరి. ఆ స్విచ్చు పక్కనే మీటరు కూడా ఉండాలి.

ఫిలమెంటు

కావలసింది 6.3 వోల్టులు. కొలిచేది వాల్వు కాళ్ల దగ్గర, వాల్వులన్నీ వెలుగుతుండగా. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కొలిస్తే తీగలో పోయింది తెలియదు. మెయిన్సు 250 అయితే ఇది 6.85కి పోతుంది. వాల్వు వెంటనే చావదు గానీ ఆయుష్షు తరుగుతుంది. 190 అయితే 5.2. కాథోడు సరిగ్గా వేడెక్కదు, పాట నీరసిస్తుంది. మెయిన్సు దగ్గర సరిచేసుకున్నవాళ్లకు ఇక్కడ పెద్దగా పనుండదు. సరిచేయకుండా హెచ్‌టి ఒక్కటే దించుకున్నవాళ్లకు ఈ తప్పు కంటికి కనబడకుండా అలాగే ఉండిపోతుంది. వాక్యంలో ఫిలమెంటును హెచ్‌టి కంటే ముందు పెట్టడానికి కారణం అది.

లోడు మీద

ఈ మాటను చాలామంది దాటేస్తారు. వాల్వులు తీసేసి హెచ్‌టి కొలిస్తే 250ని 1.414తో గుణించిన 353 వోల్టులు చూపిస్తుంది. అది చూసి భయపడి దించేస్తే, వాల్వులు పెట్టాక మరీ తక్కువైపోతుంది. వాల్వులు పెట్టి, స్పీకరు తగిలించి, పదినిమిషాలు కాగనిచ్చి అప్పుడు కొలవాలి. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్ బోర్డులో 100 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టండి. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉంది, ఆపేయండి.

హెచ్‌టి దించి

అసలు హెచ్‌టి ఎందుకు పెరుగుతుంది? మెయిన్సు తర్వాత పెద్ద కారణం రెక్టిఫయర్. పాత సర్క్యూటులో ఈజెడ్81 అనే రెక్టిఫయర్ వాల్వు ఉంటుంది. అది దొరక్క దాని చోట రెండు 1ఎన్4007 డయోడ్లు పెడతాం. ఈజెడ్81 తనలో కొంత వోల్టేజి తినేది, డయోడు దాదాపు ఏమీ తినదు. దాంతో 265 రావలసిన చోట 315 వస్తుంది. ఈఎల్84 ప్లేటుకు, స్క్రీనుకు కంపెనీ పెట్టిన హద్దు 300. ఇంకో సంగతి కూడా ఉంది. డయోడ్లు స్విచ్చు వేయగానే హెచ్‌టి ఇచ్చేస్తాయి, వాల్వులు ఇంకా చల్లగానే ఉంటాయి. ఆ కాసేపు కండెన్సర్ల మీద పూర్తి 353 నిలబడుతుంది, మెయిన్సు 250 అయిన రాత్రి 384. కాబట్టి 350 వోల్టుల కండెన్సరు పనికిరాదు, 450దే వేయాలి. ఒక్కో డయోడు మీద ఎదురు వోల్టేజి 700 దాటుతుంది. దాని హద్దు 1000. అయినా రెండేసి సిరీస్‌లో వేస్తే నిశ్చింత.

ఇక లెక్క. దించవలసింది 315 నుంచి 265కి, అంటే 50 వోల్టులు. సెట్టు మొత్తం లాగేది సుమారు 100 మిల్లీఆంపియర్లు. 50ని 0.1తో భాగిస్తే 500 ఓములు. బజారులో దొరికేది 470. దానిలో వేడిగా పోయేది 4.7 వాట్లు. పది వాట్లది సరిపోతుందనిపిస్తుంది కానీ చేయి పెట్టలేనంత కాలుతుంది, 20 వాట్ల వైర్‌వౌండు తీసుకోండి. దాన్ని చాసిస్‌కు గాలి తగిలే చోట, కండెన్సర్లకు దూరంగా బిగించండి.

పెట్టే చోటు కూడా ముఖ్యం. మొదటి కండెన్సరుకు, రెండోదానికి మధ్య పెట్టండి. అక్కడైతే వోల్టేజి దించడంతో పాటు హమ్మును కూడా వడగడుతుంది. మొదటి కండెన్సరుకు ముందు పెడితే కరెంటు కుదుపులు కుదుపులుగా పోయి, మన లెక్కకు మించి వేడెక్కుతుంది. డబ్బు పెట్టగలిగితే రెసిస్టెన్సు స్థానంలో కొంత భాగం చోక్ వేసుకోండి, హమ్ము ఇంకా తగ్గుతుంది. జీనర్ డయోడ్లు, మాస్‌ఫెట్ రెగ్యులేటర్లు ఉన్నాయి గానీ, మొదటి సెట్టుకు వాటి జోలికి పోవద్దంటాను.

ఇక్కడే బ్లీడరు మాట. హెచ్‌టి నుంచి ఎర్తుకు 100 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టెన్సు ఒకటి శాశ్వతంగా ఉండాలి. అది లేకపోతే స్విచ్చు తీసేశాక కూడా కండెన్సర్లు ప్రాణం తీసేంత చార్జి పట్టుకుని కూర్చుంటాయి. కండెన్సర్లన్నీ కలిపి 100 మైక్రోఫారడ్లు అనుకుంటే, అర నిమిషంలో 350 కాస్తా 20 లోపుకు దిగుతుంది. అయినా మీటరుతో చూసుకోకుండా చేయి పెట్టకండి. సెట్టు నడుస్తుండగా కొలిచేటప్పుడు ఒక చేయి జేబులో ఉండాలి.

బయాసు సరిచూడు

హెచ్‌టి మారితే వాల్వు కరెంటు మారుతుంది; ఆ కరెంటును అదుపులో ఉంచేదే బయాసు. ఈఎల్84 కాథోడు రెసిస్టెన్సు 180 ఓములు, దాని మీద 8.1 వోల్టులు ఉన్నాయనుకుందాం. భాగిస్తే 45 మిల్లీఆంపియర్లు. అందులో స్క్రీనుది 5 తీసేస్తే ప్లేటుకు 40. ప్లేటుకు, కాథోడుకు మధ్య 250 వోల్టులు. గుణిస్తే 10 వాట్లు. ఈ వాల్వు హద్దు 12. 12 దాకా నడిపేవాళ్లున్నారు, పాటలో తేడా చెవికి అందదు, వాల్వు మాత్రం త్వరగా అరుగుతుంది. మన కరెంటుకు 10 చాలు.

లెక్క ముగిశాక గదిలో లైటు ఆర్పి ప్లేటు వైపు చూడండి. మధ్యలో కాథోడు నారింజ రంగులో వెలగడం మామూలే. బయటి బూడిదరంగు రేకు మీద, అతుకు దగ్గర, మసక ఎరుపు మచ్చ కనిపిస్తే మాత్రం వెంటనే స్విచ్చు తీసేయండి. బయాసు తప్పింది, లేదా ముందున్న కప్లింగు కండెన్సరు లీకవుతోంది. పాత రేడియోల నుంచి ఊడదీసిన కండెన్సర్లు ఆ చోట వాడకండి.

సెట్టు మూసే ముందు ఒక చీటీ మీద మెయిన్సు, ఫిలమెంటు, హెచ్‌టి, కాథోడు వోల్టేజిలు తేదీతో సహా రాసి చాసిస్ లోపల అంటించండి. రేపు దాన్ని విప్పేది మీరైనా, ఇంకొకరైనా మళ్లీ మొదటినుంచి వెతుక్కునే పని ఉండదు.