వీపు చూపించిన ప్రశ్నకర్త

1959లో బీబీసీ 'ఫేస్ టు ఫేస్' అనే టీవీ ఇంటర్వ్యూ కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రశ్నలడిగే జాన్ ఫ్రీమన్ వీపో భుజమో కనిపించేదంతే. కెమెరా చూపంతా అతిథి మొహం మీదే. (మన ఛానెళ్లలో అతిథి నోరు తెరిచేలోపు యాంకరే జవాబు చెప్పేస్తాడు, పోనివ్వండి.) తత్వవేత్త రస్సెల్, నవలాకారుడు ఎవెలిన్ వా, మార్టిన్ లూథర్ కింగ్ అందరూ వచ్చారు. మనస్తత్వవేత్త యుంగ్ కోసమైతే స్విట్జర్లాండ్‌లోని ఆయన ఇంటికే వెళ్లారు. దేవుణ్ణి నమ్ముతారా అంటే, పెద్దాయన కాస్త తటపటాయించి, నమ్మాల్సిన పనిలేదు, తెలుసు అన్నాడు. ఆ తటపటాయింపును కత్తిరించకుండా ఉంచారే, నాకు నచ్చిన పనితనం అదీ. 1960లో టీవీ ప్రముఖుడు గిల్బర్ట్ హార్డింగ్‌ను చావు గురించి అడిగి కంటతడి పెట్టించారు. అక్కడ మాత్రం హద్దు దాటారనే అంటాను. 1962లో కార్యక్రమం ఆగింది. 1965లో ఫ్రీమన్ బ్రిటిష్ హైకమిషనర్‌గా ఢిల్లీ వచ్చాడు.