చలికాలంలో బండికి తుప్పు పట్టకుండా: కె.జి.ఎఫ్., కోలారు ఇళ్లకు కొన్ని జాగ్రత్తలు

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మనలో ఎందరికో బతుకుదెరువు బెంగళూరే అయింది. తెల్లవారకముందే మారికుప్పం, ఛాంపియన్, కోరమండల్ స్టేషన్ల దగ్గర బండి నిలిపి రైలెక్కుతాం. పొద్దుపోయాక వచ్చి తీసుకుంటాం. ఇంట్లో కారు లేనివాళ్లకు ఈ బండే ఆధారం. అది చలికాలంలో ఎలా పాడవుతుందో, ఎలా కాపాడుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

మూడేళ్ల క్రితం డిసెంబరులో మా ఇంటి బండి ముందు బ్రేకు కేబులు వాలులో దిగుతుండగా తెగింది. వెనక బ్రేకు ఉండబట్టి మా అబ్బాయి బతికి బయటపడ్డాడు. విప్పి చూస్తే పైన తొడుగు బాగానే ఉంది, లోపలి తీగ పోగులు తుప్పుకు తినిపోయి ఉన్నాయి. మెకానిక్ తప్పేమీ లేదు. రెండేళ్లుగా కేబులు చూసుకోనిది నేనే.

మన ఊళ్లో తుప్పుకు కారణాలు

ఇనుముకు గాలి, నీరు రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే ఇంకా త్వరగా పడుతుంది. చలిదేశాల్లో రోడ్ల మీది మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడి బండ్లు త్వరగా పాడవుతాయి. మనకు ఆ ఉప్పు లేదు. కానీ మూడు ఇబ్బందులున్నాయి.

మొదటిది వాన. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, తుపాను ముసురు బండిని ఆరనివ్వవు.

రెండోది మంచు. మన ఊరు సముద్రమట్టానికి 800 మీటర్లకు పైనే ఉంది. ఆరుబయట నిలిపిన బండి ఇనుము రాత్రి గాలికన్నా ఎక్కువ చల్లబడుతుంది. అందుకే వాన లేకపోయినా తెల్లారేసరికి ట్యాంకు మీద నీటిచుక్కలుంటాయి. పైన ఒక రేకు ఉన్నా ఇది చాలావరకు తగ్గుతుంది.

మూడోది దుమ్ము. సైనైడ్ దిబ్బల మట్టి పిండిలా నలిగిన రాతిపొడి. గాలికి ఎగిరి సందుల్లో చేరి తేమను పట్టి ఉంచుతుంది. నూనె రాసిన చైనుకు అంటితే సానరాయిలా అరగదీస్తుంది.

ముందు బ్రేకులు

నెలకోసారి రెండు బ్రేకు కేబుళ్లు, క్లచ్ కేబులు చివరల దగ్గర చూడండి. ఒక్క పోగు తెగినా కేబులు మార్చేయండి. లివర్ నొక్కి వదిలితే టక్కున వెనక్కి రావాలి. నెమ్మదిగా వస్తే కేబుల్లోనో, డ్రమ్ము పక్కనున్న బ్రేకు ఆర్మ్ దగ్గరో తుప్పు చేరిందని అర్థం. డిస్కు మీద పొద్దున కనిపించే సన్నని ఎర్రపొర రెండు మూడుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. డిస్కుకు, డ్రమ్ము లోపలికి నూనె ఎప్పుడూ తగలనివ్వకండి.

చైను

ముసురులో తిరిగిన వారానికోసారి, మామూలుగా 500 కిలోమీటర్లకోసారి చూసుకోవాలి. ముందు మెత్తని బ్రష్షుతో, కిరోసిన్‌తో దుమ్ము తీసి తుడవండి. తర్వాత లోపలివైపు నుంచి ఎస్‌ఏఈ 90 గేర్ ఆయిల్ చుక్కలుగా వేసి, చక్రం తిప్పి, మిగిలినది తుడిచేయండి. ఇంజను ఆపి, మెయిన్ స్టాండు వేసి, చేత్తోనే చక్రం తిప్పాలి. ఇంజను నడుస్తుండగా గుడ్డ పట్టుకుని వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

వాడేసిన ఇంజను నూనె చైనుకు, చాసిస్‌కు పూయడం మన దగ్గర పాత అలవాటు. అందులో ఆమ్లాలు, ఇనుపరజను ఉంటాయి, మేలుకన్నా కీడే ఎక్కువ. కొబ్బరినూనె కూడా వద్దు, మన చలికి గడ్డకడుతుంది. క్రోమియం భాగాలకు, స్పోకులకు కుట్టుమిషను నూనె గుడ్డకు అద్ది పల్చగా తుడిస్తే చాలు.

సైలెన్సర్, ట్యాంకు

ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంటి నుంచి స్టేషనుకు రెండు కిలోమీటర్లే నడిపితే సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు. ఆ నీరు లోపలే నిలిచి, లోపలి నుంచే తినేస్తుంది. వారానికి ఒకరోజు బేతమంగళం దాకానో, కోలారు దాకానో ఆపకుండా వెళ్లి రండి.

ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది నీటిని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే అడుగున చేరి ఇనుప ట్యాంకుకు తుప్పు పట్టిస్తుంది. పాత ఎజ్డీ, రాజ్‌దూత్, బుల్లెట్ ఉంచుకున్నవాళ్లు ట్యాంకు సగం ఖాళీగా వారాల తరబడి వదలకండి.

కడగడం, కప్పడం

సాయంత్రం కాక పొద్దున కడగండి, ఎండకు ఆరుతుంది. బట్టల సబ్బుపొడి వద్దు. ప్రెషర్ నీళ్లు చక్రాల బేరింగుల మీద, చైను మీద నేరుగా కొట్టించకండి. కడిగాక కొద్దిదూరం నడిపి, బ్రేకులు వేసి ఆరబెట్టండి. తడి బండి మీద ప్లాస్టిక్ పట్టా కప్పితే తేమ లోపలే ఉడుకుతుంది. గాలాడే గుడ్డ కవరు మేలు. చెన్నై సముద్రం ఒడ్డుకు వెళ్లి వచ్చినవాళ్లు మర్నాడే మంచినీళ్లతో కడగాలి.

తుప్పు కనబడితే

చిన్న మచ్చ అయితే 400 నంబరు ఎమెరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, తుడిచి, ప్రైమర్ పూసి, ఆరాక రంగు వేయండి. తుప్పు మీదే రంగు వేస్తే అడుగున పాకుతూనే ఉంటుంది. ముందు ఫోర్కు గొట్టాల మీద గుంటలు పడితే ఆయిల్ సీలు చిరిగి నూనె బ్రేకు మీదికి కారవచ్చు. అది మెకానిక్‌కు చూపించాల్సిన పని. బ్యాటరీ టెర్మినళ్లకు కాస్త వాజలిన్ రాయండి.

గుమాస్తా పని చేసిన అలవాటు కొద్దీ నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. తేదీ, మీటరు అంకె, చూసిన భాగం, మార్చినది అని నాలుగు గడులు. నెలకు పది నిమిషాలు చాలు. తెల్లవారుజామున రైలుకు పరిగెత్తే పిల్లలకు ఆ తీరిక ఉండదు. అందుకే ఇంట్లో ఉండే మనలాంటి పెద్దలు ఆ పుస్తకం చేతిలోకి తీసుకుంటే బాగుంటుంది.