హంగుల కారు... క్లచ్‌ను మరిస్తే బేజారు!

చిన్నకారును పరుగుల గుర్రంగా మార్చుకోవాలన్న ముచ్చట కుర్రకారులో ఎక్కువే. అయితే ఇంజిను శక్తి పెంచడం ఒక్కరోజు పని. పెరిగిన శక్తిని చక్రాలకు చేర్చే క్లచ్‌, గేరుబాక్సు దానిని ఎంతకాలం భరిస్తాయన్నదే అసలు ప్రశ్న. మెకానిక్‌ వద్దకు వెళ్లేముందు ఆ లెక్క తేల్చుకోవడం మేలు.

ఇందుకు మన రోడ్లపై విరివిగా కనిపించిన రెండు కార్లే మంచి ఉదాహరణ. 2005లో వచ్చిన మారుతి స్విఫ్ట్‌లో 1.3 లీటర్ల పెట్రోలు ఇంజిను ఉండేది. శక్తి 87 అశ్వశక్తి, టార్క్‌ 113 న్యూటన్‌ మీటర్లు. 2013లో విడుదలైన ఫోక్స్‌వ్యాగన్‌ పోలో జీటీ టీఎస్‌ఐ ఇంజిను 1.2 లీటర్లే అయినా, టర్బో ఉండటం వల్ల శక్తి 105 అశ్వశక్తికి, టార్క్‌ 175 న్యూటన్‌ మీటర్లకు చేరింది. ఒకదానికి పనికొచ్చిన చిట్కా రెండోదానికి పనికిరాదు.

టర్బో ఉంటేనే ‘రీమ్యాప్‌’

ఇంజినును నడిపే కంప్యూటరు ఈసీయూ. అందులోని ప్రోగ్రామును తిరగరాయడాన్నే రీమ్యాప్‌ అంటారు. టర్బో కారులో దీనివల్ల గాలి ఒత్తిడి పెరిగి, టార్క్‌ గణనీయంగా హెచ్చుతుంది. టర్బో లేని స్విఫ్ట్‌కు పెంచడానికి ఆ ఒత్తిడే లేదు. కాబట్టి దక్కేది స్వల్పం. దానిలో నిజమైన మార్పు కావాలంటే హెడ్‌ విప్పి, క్యామ్‌షాఫ్ట్‌ మార్చి, సైలెన్సర్‌ గొట్టాలతో సహా సరిచేయాలి. ఖర్చు కారు విలువను మించినా ఆశ్చర్యం లేదు. శబ్దం మాత్రం మొదటి రోజునుంచే పెరుగుతుంది!

మరో జాగ్రత్త ఇంధనానిది. విదేశాల్లో 98 ఆక్టేన్‌ పెట్రోలుకు రాసిన ప్రోగ్రామును ఇక్కడ యథాతథంగా ఎక్కిస్తే, ఇంధనం అదుపు తప్పి మండి, సిలిండరులో టకటక శబ్దం పుట్టి పిస్టన్లు దెబ్బతినవచ్చు. స్థానిక బంకుల్లో దొరికే, ఇథనాల్‌ కలిసిన పెట్రోలును దృష్టిలో ఉంచుకుని రాసినదే ఎంచుకోవాలి. మండువేసవిలో ఇంజినులోకి వెళ్లే గాలి వేడెక్కి శక్తి తగ్గుతుందన్నదీ గుర్తుంచుకోవాలి.

భారం మోసేది గేరుబాక్సే

పోలో జీటీలోని ఏడు గేర్ల ఆటోమేటిక్‌ పెట్టెలో రెండు పొడి క్లచ్‌లు ఉంటాయి. వాటిని చల్లబరచేందుకు చుట్టూ నూనె ఉండదు. ఆ పెట్టెను 250 న్యూటన్‌ మీటర్ల వరకు భరించేలా రూపొందించారు. కాగితం మీద చూస్తే 175 నుంచి 250 వరకు బోలెడు ఖాళీ ఉన్నట్టే. కానీ హైదరాబాద్‌ ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరిగేటప్పుడు, అరకు ఘాట్‌ ఎక్కుతూ ఆగి ఆగి కదిలేటప్పుడు పొడి క్లచ్‌ త్వరగా వేడెక్కుతుంది. అందుకే 220 దాటకుండా ఆపుకోవడం వివేకం. హద్దును చివరిదాకా వాడుకోవాలని చూసేవారు క్లచ్‌ల ఖర్చును ముందే పక్కన పెట్టుకోవాలి.

మాన్యువల్‌ కార్లలో హెచ్చరిక తేలిగ్గా తెలుస్తుంది. పై గేరులో యాక్సిలరేటర్‌ నొక్కితే ఇంజిను మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్‌ జారుతున్నట్టే. ఆ స్థితిలో ఇంజినుపై రూపాయి ఖర్చుపెట్టినా వృథా. బరువు తగ్గించిన ఫ్లైవీల్‌ వేస్తే ఇంజిను చురుగ్గా స్పందిస్తుంది గానీ, సిగ్నళ్ల వద్ద నిలకడగా ఆడదు. ఫైనల్‌ డ్రైవ్‌ పళ్ల నిష్పత్తి పెంచితే కారు చప్పున అందుకుంటుంది. బదులుగా గరిష్ఠ వేగం, మైలేజీ తగ్గుతాయి. నిత్యం ఆఫీసుకు వెళ్లే కారుకు ఈ రెండూ అనవసరం.

బ్రేకుల మాట సరేసరి. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు వెళితే బ్రేకులు అణచవలసిన శక్తి 56 శాతం పెరుగుతుంది. టైర్లు, బ్రేకు ప్యాడ్లు మార్చిన తరువాతే ఇంజిను జోలికి వెళ్లాలి.

ఆర్‌సీతో పేచీ

పాత బాలెనోలోని 1.6 లీటర్ల ఇంజిను స్విఫ్ట్‌ 1.3 కుటుంబానిదే. కనుక దానిని తెచ్చి అమర్చుకుందామన్న ఆలోచన ఔత్సాహికులకు రావడం సహజం. చిక్కంతా చట్టంతోనే. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు సైతం దీనిని స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్‌ పునరుద్ధరించే వేళ ఇంజిను నంబరును ఆర్‌సీతో పోల్చి చూస్తారు. అక్కడ తేడా వస్తే బండి ముందుకు కదలదు. మార్పుల సంగతి బీమా సంస్థకు తెలపకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం నిరాకరించే ఆస్కారమూ ఉంది.